బిగ్ బాస్ మీద తెలుగులో పాడ్‌కాస్ట్ చేయాలనుకుంటున్నారా? మొదటి సోమవారం నుంచి ఫినాలే దాకా ఎలా చేయాలి

ఆదివారం రాత్రి ఎలిమినేషన్ అయిపోయాక మా ఇంట్లో టీవీ ఆపేస్తే, అసలు షో అప్పుడు మొదలయ్యేది. నేనూ మా వదినా వంటింటి గట్టు దగ్గర గిన్నెలు సర్దుకుంటూ గంటసేపు వాదించుకునేవాళ్ళం. "వాడు కావాలనే నామినేట్ చేశాడు వదినా" అని నేనంటే, "లేదమ్మా, పాపం భయపడ్డాడు" అని ఆవిడ. ఒకరోజు ఆ వాదననే ఫోన్‌లో రికార్డు చేశాం. మా పాడ్‌కాస్ట్ అలా పుట్టింది. మూడు సీజన్లు చేసి నేర్చుకున్నది ఇక్కడ వరసగా రాస్తున్నాను. మైకు, ఎడిటింగ్ లాంటివి రెండు వారాల్లో వచ్చేస్తాయి. మనుషుల గురించి, ముఖ్యంగా వాళ్ళ ప్రేమల గురించి, విడిపోవడాల గురించి ఎలా మాట్లాడాలో నేర్చుకోవడానికే నాకు ఒక సీజన్ పట్టింది. అందుకే ఆ భాగం పెద్దదిగా ఉంటుంది.

1. ముందు షో చరిత్ర కంఠతా రావాలి

బిగ్ బాస్ తెలుగు 2017 జూలై 16న స్టార్ మాలో మొదలైంది. హోస్ట్ జూనియర్ ఎన్టీఆర్, ఇల్లు లోనావాలాలో, ఆట 70 రోజులు, గెలిచింది శివబాలాజీ. మరుసటి ఏడాది నాని వచ్చారు, ఇల్లు హైదరాబాద్‌లోని అన్నపూర్ణ స్టూడియోస్‌కి మారింది, ఆట వంద రోజులు దాటింది. 2019లో మూడో సీజన్‌కి నాగార్జున వచ్చారు. ఈ మాత్రం ఎవరైనా చెప్తారు. వినేవాళ్ళు మీ దగ్గర్నుంచి ఇంతకంటే ఎక్కువ ఆశిస్తారు. రెండో సీజన్‌లో కౌశల్ అనే కంటెస్టెంట్ కోసం బయట అభిమానుల దండు ఒకటి, "ఆర్మీ" అనే పేరుతో, తయారై రోడ్డు మీదికొచ్చి నడిచింది. అప్పట్నుంచి ఇంట్లో ఆట ఒకటి, బయట ఆట ఇంకొకటి అయింది. 2020లో కోవిడ్ మధ్యలో కంటెస్టెంట్లను ముందు క్వారంటైన్‌లో ఉంచి లోపలికి పంపారు. 2022లో టీవీలో కాకుండా ఓటీటీలో, 24 గంటల లైవ్‌తో నాన్‌స్టాప్ సీజన్ వచ్చింది. 2023లో రైతుబిడ్డగా పరిచయమైన పల్లవి ప్రశాంత్ గెలిచారు.

ఇవన్నీ ఎందుకంటే, ఈ వారం జరిగిన గొడవని మూడో సీజన్‌లో జరిగినదానితో పోల్చి చెప్పగలిగితేనే వినేవాళ్ళు మీ దగ్గర ఆగుతారు. ఆ రాత్రి ఏం జరిగిందో వాళ్ళూ చూశారు కదా. ఒక్కో సీజన్‌కి ఒక పేజీ పెట్టుకుని విజేత, రన్నరప్, మీకు గుర్తున్న పెద్ద గొడవలు, సీజన్ మధ్యలో లోపలికొచ్చిన వైల్డ్ కార్డ్ ఎంట్రీలు రాసి పెట్టుకోండి.

2. మీతో పోట్లాడే మనిషిని వెతుక్కోండి

ఒక్కరే మాట్లాడితే రివ్యూ అవుతుంది. ఇద్దరైతే ఇంట్లో కబుర్లలా ఉంటుంది, ఈ షోకి అదే నప్పుతుంది. కానీ ఇద్దరూ ఒకే కంటెస్టెంట్‌ని ఇష్టపడితే మూడో వారానికే మాటలు అయిపోతాయి. నేను ఆట చూస్తాను: ఎవరు ఎవరిని ఎందుకు నామినేట్ చేశారు, కెప్టెన్సీ టాస్క్‌లో ఎవరు ఎవరికి సాయం చేశారు అని. మా వదిన మనుషుల్ని చూస్తుంది. ఎవరు తినకుండా పడుకున్నారో, ఎవరి గొంతు వణికిందో నాకు కనిపించదు, ఆవిడకి కనిపిస్తుంది. మీ జోడీలో కూడా అలాంటి తేడా ఉండాలి. కంటెస్టెంట్ల ఇంట్లోవాళ్ళు లోపలికొచ్చి కలిసే ఫ్యామిలీ వీక్ వచ్చినప్పుడు ఆ తేడా విలువ తెలుస్తుంది.

3. పుస్తకం పట్టుకుని చూడండి

ఇంట్లో కెమెరాలు రోజుకి 24 గంటలు తిరుగుతాయి. మనకి వచ్చేది సుమారు గంట. మిగతా 23 గంటలు ఎవరో కూర్చుని తీసేశారని ప్రతి ఎపిసోడ్ ముందూ గుర్తు చేసుకోండి. అలాగని "అంతా స్క్రిప్టెడ్" అని కొట్టిపారేస్తే మీకు మాట్లాడటానికి ఏమీ మిగలదు. ఎక్కడ కత్తెర పడిందో పసిగట్టడం నేర్చుకుంటే మాత్రం బోలెడంత మిగులుతుంది.

నా నోట్‌బుక్‌లోంచి ఒక పేజీ, పేర్లు తీసేసి, ఉన్నది ఉన్నట్టు:

"22వ నిమిషం. కిచెన్. చపాతీల గొడవ. 'నేనెందుకు చెయ్యాలి' — ముఖం కనపడింది. 'వాళ్ళతో నాకు పనిలేదు' — ముఖం కనపడలేదు, వీపు మాత్రమే. ఈ రెండో మాట దగ్గర వెనక గిన్నెల చప్పుడు ఆగిపోయింది. వెంటనే సోఫాలో కూర్చున్న అతని ముఖం, కోపంగా. అతని చొక్కా వేరే."

ఈ నాలుగు ముక్కల్లో ఎంతుందో చూడండి. మొదటి మాట ఆమె అక్కడే అంది, అనుమానం లేదు. రెండో మాట ఇంకెప్పుడో, ఇంకెవరి గురించో అని ఉండొచ్చు. గిన్నెల చప్పుడు మాట మధ్యలో ఉన్నట్టుండి ఆగదు కదా. అతని కోపం ఆ మాటకి వచ్చింది కాకపోవచ్చు, ఎందుకంటే చొక్కా మారింది. వేర్వేరు చోట్ల అన్న మాటల్ని కలిపి కుట్టడానికి రియాలిటీ షోల ఎడిటర్లు ఒక పేరు కూడా పెట్టుకున్నారు, ఫ్రాంకెన్‌బైట్ అని. దాన్ని పట్టుకోవడానికి గుర్తులివే: మాట్లాడే మనిషి నోరు కనపడకపోవడం, వెనక శబ్దం మారడం, బట్టలు మారడం. ఆ సీజన్‌కి లైవ్ కూడా ఉంటే ఆ గంట వెతికి పోల్చి చూడండి. లైవ్‌లో పది నిమిషాలు నడిచిన మాటలు ఎపిసోడ్‌లో నలభై సెకన్లయితే, ఏ నలభై సెకన్లు ఉంచారో చెప్పడమే మీ ఎపిసోడ్‌కి మంచి టాపిక్.

ప్రోమో చూసి మాత్రం ఎప్పుడూ అభిప్రాయం చెప్పకండి. ప్రోమోలో మొదలైన చాలా యుద్ధాలు ఎపిసోడ్‌లో రెండు నిమిషాల్లో చల్లారిపోతాయి.

4. ఇద్దరి మధ్య ఏముందో చెప్పాల్సి వచ్చినప్పుడు

ప్రతి సీజన్‌లోనూ ఒక లవ్ ట్రాక్ ఉంటుంది. ఇద్దరు పక్కపక్కన కూర్చుంటారు, వెనక పాట వేస్తారు, వీకెండ్‌లో హోస్ట్ ఆటపట్టిస్తారు. మంగళవారానికల్లా యూట్యూబ్ నిండా థంబ్‌నెయిల్స్. దీని గురించి మాట్లాడొద్దని నేననను. జనం చూసేదే అది, మేమూ మాట్లాడతాం. కానీ మా పాడ్‌కాస్ట్ మొదటి సీజన్‌లో నేను చేసిన తప్పు మీరు చేయకూడదు.

లోపల ఉన్న ఒకమ్మాయికి బయట నిశ్చితార్థం చెడిపోయిందని ఎక్కడో థంబ్‌నెయిల్ చూశాను. "బయట విడిపోయారంట, అందుకే లోపల ఇంత దగ్గరైంది" అని మైకు ముందు నవ్వుతూ అనేశాను. రెండు రోజులకి ఆ అమ్మాయి చెల్లెలి దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. తిట్టలేదు. "అక్కా, మీ షో మా అమ్మ రోజూ వంట చేస్తూ వింటుంది. మొన్నటిది విని ఆపేసింది. ఆ వార్త నిజం కాదు" అని రాసింది. ఫోన్ పట్టుకుని చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. లోపలున్న మనిషికి ఫోన్ లేదు, పేపర్ లేదు, నా మాటకి జవాబు చెప్పే దారే లేదు. ఆ జవాబు బరువంతా ఆమె ఇంట్లోవాళ్ళ మీద పడింది. ఆ రోజు నుంచి మేము పెట్టుకున్న పద్ధతి ఇది.

సెలబ్రిటీల సంబంధాల గురించి వచ్చే ఏ మాటనైనా మూడు అరల్లో ఒకదాన్లో పెడతాం. మొదటి అర: ఆ మనిషి తన నోటితో చెప్పింది, తన ఖాతాలో రాసింది. రెండో అర: కోర్టు కాగితాలు, పెళ్ళి ప్రకటన లాంటి బహిరంగ రికార్డు. మూడో అర: "సన్నిహిత వర్గాల సమాచారం", "ఫిలింనగర్ టాక్", "ఇన్‌సైడ్ టాక్". మొదటి రెండు అరల్లోవి మాట్లాడతాం. మూడో అర తెరవం. దాన్ని ఖండించడానికి కూడా తెరవం, ఎందుకంటే "ఇలా అంటున్నారు, మేం నమ్మడం లేదు" అన్నా ఆ మాట ఇంకో వెయ్యి చెవుల్లో పడుతుంది.

ఇది ఆచరణలో ఎలా ఉంటుందో అందరికీ తెలిసిన ఉదాహరణ తీసుకుందాం. 2021 జూలై చివర్లో సమంత తన సోషల్ మీడియా ఖాతాల్లో పేరు తీసేసి ఒక్క అక్షరం మాత్రం ఉంచారు. అక్టోబర్ 2న ఆమె, నాగచైతన్య విడిపోతున్నామని ప్రకటించారు. మధ్యలో రెండు నెలలు. ఆ రెండు నెలల్లో ఒక నిజాయితీ ఉన్న పాడ్‌కాస్ట్ చెప్పగలిగింది రెండే వాక్యాలు: "పేరు మార్చారు. కారణం చెప్పలేదు." మూడో వాక్యం ఏది చెప్పినా అది కల్పనే. ప్రకటన వచ్చాక కూడా అందులో లేని కారణాలు వెతికి వీడియోలు చేసినవాళ్ళున్నారు. ఆ అక్టోబర్‌లోనే సమంత కొన్ని యూట్యూబ్ ఛానెళ్ల మీద కూకట్‌పల్లి కోర్టుకి వెళ్ళారు, ఆ వీడియోలు తీసేయమని కోర్టు ఆదేశించింది.

చట్టం సంగతి కూడా క్లుప్తంగా తెలుసుకోండి. పరువు నష్టం ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కిందికి వస్తుంది, రెండేళ్ల దాకా జైలు ఉండొచ్చు. సివిల్ దావా వేరే. "అంట", "అట" అని చివర తగిలిస్తే తప్పించుకోవచ్చని చాలామంది అనుకుంటారు. ఆ మాటల్ని వ్యాప్తి చేసింది మీరే కాబట్టి ఆ "అట" మిమ్మల్ని కాపాడదు. గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టులో సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం చెప్పింది, అదీ గుర్తుంచుకోండి.

మరి ట్రాక్ గురించి ఏం మాట్లాడాలి? తెర మీద చూసింది మాట్లాడండి. "వాళ్ళిద్దరి మధ్య ఏదో నడుస్తోంది" అనడం సోమరితనం. ఇలా చెప్పి చూడండి: "మంగళవారం ఆమె తన ప్లేట్ పక్కన పెట్టి అతనికి ముందు వడ్డించింది. బుధవారం అతను వేరేవాళ్ళని సేవ్ చేశాడు. గురువారం ఆమె వడ్డించలేదు." ఇందులో ఊహ ఒక్కటీ లేదు, కానీ వినేవాళ్ళు కుర్చీ ముందుకు లాక్కుంటారు. అర్థం వాళ్ళే చెప్పుకుంటారు.

5. మీ విశేషణాలు లెక్క పెట్టండి

ఇది మా వదిన పట్టించిన అలవాటు. మా పాత ఎపిసోడ్ ఒకటి విని కాగితం మీద రెండు వరసలు రాసింది. అబ్బాయి గట్టిగా అరిస్తే మేమన్న మాటలు: ఫైర్, మాస్, నిలబడ్డాడు. అమ్మాయి అరిస్తే: ఓవర్ యాక్షన్, నోటి దురుసు, గయ్యాళి. అదే గొడవ, అదే స్థాయి అరుపు. ఆ కాగితం చూసి నాకు చాలా బాధేసింది.

2017 నుంచి 2024 వరకు జరిగిన ఎనిమిది టీవీ సీజన్లలో ఒక్క అమ్మాయీ గెలవలేదు. బిందు మాధవి గెలిచింది 2022 నాన్‌స్టాప్ ఓటీటీ సీజన్‌లో. దీనికి కారణాలు చాలా ఉండొచ్చు, కానీ మనలాంటివాళ్ళం వారం వారం వాడే మాటలు ఓటు వేసే చెవుల్లోకే వెళ్తాయి. నెలకోసారి మీ ఎపిసోడ్ మీరే విని ఆ రెండు వరసలూ రాసుకోండి. కంటెస్టెంట్ కులం, ఊరు, యాస, ఒంటి రంగు, పాత పెళ్ళి గురించి వెటకారంగా ఒక్క మాట దొర్లినా ఎడిట్‌లో కోసేయండి.

6. ఎపిసోడ్ ఎలా పేర్చుకోవాలి

నలభై నిమిషాలు చాలు. మొదటి నిమిషంలోనే ఆ వారపు అసలు గొడవ మీద మీ మాట చెప్పేయండి, పలకరింపులు తర్వాత. ఆపై నామినేషన్స్, టాస్కులు, ఇంట్లో సంబంధాలు, వీకెండ్‌లో హోస్ట్ ఏం అడిగారు, ఏం అడగకుండా వదిలేశారు. నాకు ఈ చివరిది చాలా ఇష్టం. వారమంతా జనం మాట్లాడుకున్న విషయం శనివారం అసలు ప్రస్తావనకే రాకపోతే అదీ ఒక వార్తే.

పూర్తి స్క్రిప్టు రాసి చదవకండి, తెలుగు వెంటనే పాఠంలా వినిపిస్తుంది. పాయింట్లు రాసుకోండి, తేదీలూ ఎవరన్న మాటలూ మాత్రం అక్షరం పొల్లుపోకుండా రాసుకోండి. ఓటింగ్ లెక్కల జోలికి వెళ్ళకండి. వారం వారం ఓట్ల సంఖ్య ఛానెల్ బయటపెట్టదు, అన్అఫీషియల్ పోల్స్ ఏ ఆర్మీ ఎక్కువ చురుగ్గా ఉందో చెప్తాయి, అంతే.

ఎలిమినేషన్ లీకులు తరచూ శనివారం సాయంత్రానికే బయటికొస్తాయి. వాటిని వాడుకోవాలా వద్దా అని మీరిద్దరూ సీజన్ ముందే తేల్చుకోండి. మేం వాడం. టీవీలో చూసి ఏడ్చే అవకాశాన్ని వినేవాళ్ళ దగ్గర్నుంచి లాక్కోవాలనిపించలేదు.

7. రికార్డింగ్

ఖరీదైన మైకు కంటే గది ముఖ్యం. మంచి గది ఎలా తెలుస్తుందంటే, మధ్యలో నిలబడి చప్పట్లు కొట్టండి, ఆ శబ్దం గోడలకి తగిలి తిరిగి రాకూడదు. చీరల బీరువా తలుపులు తెరిచి దాని ఎదురుగా కూర్చుంటే సగం పని అయిపోయినట్టే. మంచం మీద పరుపు, కిటికీకి బొంత. సీలింగ్ ఫ్యాన్ ఆపాల్సిందే. చెమట పడుతుంది, అయినా ఆపాల్సిందే, ఎందుకంటే ఫ్యాన్ గాలి మైకుకి తగిలిన చప్పుడు ఏ సాఫ్ట్‌వేరూ శుభ్రంగా తీయలేదు. పది నిమిషాలకోసారి ఆపి ఫ్యాన్ వేసుకుని మళ్ళీ మొదలుపెట్టండి. పక్కింటి కుక్కర్ విజిల్ మాట మధ్యలో వస్తే ఆగి, ఆ వాక్యం మొదటినుంచి చెప్పండి.

మొదటి నెల రెండు ఫోన్లు, రెండు కాలర్ మైకులు చాలు. ఇద్దరూ విడివిడిగా రికార్డు చేసుకుని, మొదట్లో ఒకసారి గట్టిగా చప్పట్లు కొడితే ఎడిటింగ్‌లో రెండు ట్రాకులూ ఆ చప్పుడు దగ్గర కలుపుకోవచ్చు. తర్వాత కొనాలనుకుంటే యూఎస్‌బీ డైనమిక్ మైకు కొనండి. ఇంకో రకం, కండెన్సర్ మైకు, చిన్న శబ్దాన్నీ వదలదు, మన ఇళ్ళల్లో వీధిలో కూరగాయల బండి కేక కూడా పట్టేస్తుంది. నోటికి బెత్తెడు దూరంలో, కొంచెం పక్కకి పెట్టుకోండి. "ప", "ఫ", "భ" పలికినప్పుడు వచ్చే గాలి దెబ్బ తగ్గుతుంది. చివర్లో పది సెకన్లు ఎవరూ మాట్లాడకుండా గది నిశ్శబ్దాన్ని రికార్డు చేయండి, నాయిస్ తీయడానికి ఆ ముక్క కావాలి.

8. ఎడిటింగ్, అప్‌లోడ్

ఆడాసిటీ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచితం, సరిపోతుంది. వరస ఇది: రెండు ట్రాకులు కలపడం, నాయిస్ తగ్గించడం, మాటల్లో తప్పులు కోయడం, చివర లౌడ్‌నెస్ సరిచేయడం. స్టీరియోకి మైనస్ 16 ఎల్‌యూఎఫ్‌ఎస్ (శబ్దం ఎంత గట్టిగా వినిపిస్తుందో కొలిచే లెక్క), మోనోకి మైనస్ 19 పెట్టుకోండి. ఆ తర్వాత బస్సులో ఇయర్‌ఫోన్స్‌తో ఒకసారి, వంటింట్లో ఫోన్ స్పీకర్‌తో ఒకసారి వినండి. మీ శ్రోతలు వినేది అక్కడే.

షో క్లిప్పులు, సినిమా పాటలు పెట్టకండి. విమర్శ కోసం కొద్ది భాగం వాడుకోవడానికి 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో వెసులుబాటు ఉంది కానీ, కాపీ చేసిన ముక్కల్ని తనంతట తానే పట్టుకునే యూట్యూబ్ కంటెంట్ ఐడీ యంత్రం ఆ సెక్షన్ చదవదు. సీన్‌ని మీ మాటల్లో చెప్పడం నేర్చుకోండి, మా వదిన చెప్తే అసలు సీన్ కంటే బాగుంటుంది. కవర్ బొమ్మ 3000 బై 3000 పిక్సెల్స్, అందులో షో లోగో గానీ దాన్లోని ఆ కన్ను బొమ్మ గానీ ఉండకూడదు. స్పాటిఫై ఫర్ క్రియేటర్స్‌లో ఉచితంగా హోస్ట్ చేసి, అక్కడ వచ్చే ఆర్‌ఎస్‌ఎస్ లింకుని (కొత్త ఎపిసోడ్లని మిగతా యాప్‌లకి చేరవేసేది) యాపిల్ పాడ్‌కాస్ట్స్‌కి ఇవ్వండి. యూట్యూబ్‌లో కూడా తప్పక పెట్టండి.

అప్‌లోడ్ సోమవారం ఉదయం ఏడింటికి. ఆ రాత్రి నామినేషన్స్ వచ్చేలోపు వినడానికి ఒక రోజంతా ఉంటుంది. ఇక్కడ ఆఫీసుకి వెళ్తూ వింటారు. సెప్టెంబర్‌లో అదే సమయానికి డల్లాస్‌లో ఆదివారం రాత్రి ఎనిమిదిన్నర, అక్కడివాళ్ళు రేపటి లంచ్ బాక్సులు సర్దుకుంటూ వింటారు.

9. ఆర్మీలు, కామెంట్లు

ఒకరిని విమర్శిస్తే వాళ్ళ ఆర్మీ మీ కామెంట్లలోకి వస్తుంది. మర్యాదగా వాదించేవాళ్ళకి జవాబివ్వండి, బూతులు దాచేయండి, స్క్రీన్‌షాట్లు మాత్రం ఉంచుకోండి. మీ వైపు నుంచి ఎవరినీ ఎవరి మీదికీ ఉసిగొల్పకండి. 2023 డిసెంబర్ 17న ఫినాలే రాత్రి అన్నపూర్ణ స్టూడియోస్ బయట అభిమానులు కంటెస్టెంట్ల కార్ల మీద పడ్డారు, ఆర్టీసీ బస్సుల అద్దాలు పగిలాయి, కేసులయ్యాయి. డ్యూటీ చేసుకుంటున్న ఆ బస్సు డ్రైవరుకి ఈ ఆటతో ఏం సంబంధం? ఫినాలే వారం మా ఎపిసోడ్‌లో ఆ మాట ప్రతిసారీ చెప్తాం: గెలిచినా ఓడినా ఇంట్లోనే ఉండి చూడండని.

10. తప్పు చెప్పేస్తే

చెప్తారు, ఎంత జాగ్రత్తపడ్డా. ఆ ముక్కని ఆడియోలోంచి కోసి మళ్ళీ అప్‌లోడ్ చేయండి, కానీ అంతటితో ఆగకండి. ముందు విన్నవాళ్ళకి అది తెలియదు. తరువాతి ఎపిసోడ్ మొదటి నిమిషంలో, పాట లేకుండా, సాకు లేకుండా చెప్పండి. ఆ తప్పు వార్తని మళ్ళీ వివరంగా చెప్పొద్దు, అది ఇంకోసారి ప్రచారం చేసినట్టే. ఆ చెల్లెలి మెసేజ్ వచ్చిన వారం మేం చెప్పింది ఇంతే, కావాలంటే మీరూ వాడుకోండి:

"పోయిన వారం ఒక కంటెస్టెంట్ సొంత జీవితం గురించి నేనొక మాట అన్నాను. అది నిజం కాదు. నేను కనుక్కోకుండా అన్నాను. ఆమెకీ, ఆమె అమ్మగారికీ, వాళ్ళ ఇంట్లో అందరికీ క్షమాపణ చెప్తున్నాను. ఆ భాగం తీసేశాం. ఇక ఈ వారం నామినేషన్స్."